మార్గశ్రమము - మనస్స్వాస్థ్యము
(మాలదాసరి కథయందలి బాటను గూర్చిన విమర్శ)

భరతముని నాట్యశాస్త్రమున 33 వ్యభిచారిభావములను లెక్కించుచు, శ్రమమునకుఁ గారణములలో మార్గగమనమును ముందుగాఁ బేర్కొనెను. దశరూపకకర్త యగు ధనంజయుఁడును ఈ విషయమున నాతని ననుసరించెను. శ్రమ మనఁగా నొడలి బడలిక మాత్రమే యైనచో నది భావములలోఁ జేరుట కవకాశము లేదు. దారి నడచినవాని యలసట మనస్సునకును దాఁకు నని ప్రాచీను లెఱుఁగుదు రనుట కిదియే ప్రమాణము. అయినను శ్రమమునకుఁ జెప్పఁబడిన యనుభావములు నిట్టూర్పు, ఆవులింత, మందగమనము, మేను పిసుకుకొనుట మొదలగునవి. ఇవి యొకనాఁటి ప్రయాణమునకుఁ జాలును. దినదినమును అదే బాటను బోయి, అదే బాటను మరలివచ్చు నిత్యపథికుని చిత్తవృత్తి యీ లక్షణమున నిముడదు. దానికిఁ దగిన లక్ష్యము మాత్రము తెలుఁగుకావ్యములలోఁ గలదు. అయ్యది ఆముక్తమాల్యద షష్ఠాశ్వాసమునందలి మాలదాసరి కథ.

ఈ విచారము ద్వారకాతిరుమల ప్రాంతమువారికి మిక్కిలి సన్నిహితమైనది. ఈ క్షేత్రము ఏలూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమునను, భీమడోలు రైలుస్టేషనునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమునను గలదు. ఒకవైపున మెట్టసీమ, వేఱొకవైపునఁ గొల్లేటిపల్లము. 1893 మొదలు 1896 వఱకు బెజవాడనుండి కటకమునకు ఇనుపదారి పడుటకు ముందు, ఇచటి దూరప్రయాణములకుఁ గాలువపడవయు నెడ్లబండియు దిక్కు. అప్పుడు ప్రయాణము పండుగకో, పెండ్లికో, వ్యాజ్యమునకో చేయునది. నేఁ డది నిత్యకర్మ. ఏలూరునుండియుఁ దాడేపల్లిగూడెమునుండియు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, దుకాణములలోఁ బనిచేయువారు, విద్యార్థులు ప్రాతఃకాలమున బయలుదేఱి దీపములవేళకుఁ గాని యిల్లు చేరరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభక్తములైనప్పుడు ద్వారకాతిరుమల ఏలూరు జిల్లాలోను, తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగాఁ గల పశ్చిమగోదావరి జిల్లాలోను నిలిచెను. ఊరు కదలకున్నను, ఉద్యోగికిఁ గచ్చేరి కదలిన దినము గలదన్నమాట. మాలదాసరి కథను బాలురకు బోధించు పండితుఁడే యానాఁడు బస్సు తప్పునేమో యను గుబులుతో వచ్చినవాఁడు కావచ్చును. అట్టివాఁడు ఆ కథలోఁ దన బాటను జూడకపోవుట వింత.

కథ సుప్రసిద్ధము. వరాహపురాణమునందలి కైశికమాహాత్మ్యము దీనికి మూలము. పాండ్యదేశమునఁ గురుంగుడి యను వామనక్షేత్రమునకు దూరముననుండు మాలదాసరి వేకువఝామున లేచి, నడచి వచ్చి, మంగళకైశికిరాగమున స్వామిని గీర్తించి పోవుట నియమముగాఁ గలవాఁడు. ఒకనాఁటి నడిరేయి తెల్లవాఱవచ్చె నని భ్రమించి బయలుదేఱెను, త్రోవ తప్పెను, ఒక మఱ్ఱిక్రిందఁ గుంభజానుఁ డను బ్రహ్మరక్షస్సునకుఁ జిక్కెను. స్వామిసేవ ముగించి మరలివచ్చెద నని శపథము చేసి విడివడి, పాడి వచ్చి, తన దేహమును రక్కసున కప్పగించెను. రక్కసుఁడు విస్మితుఁడై పాటఫలమును వేఁడుకొని విముక్తిని బొందెను.

ఈ కథను వ్యాఖ్యానించువారు మూఁడు విషయములను జెప్పుదురు. దాసరి సత్యవ్రతము మొదటిది. భక్తికిఁ గుల మడ్డుగా దనుట రెండవది. గీతమహిమ మూఁడవది. మూఁడును నిజములే. అయినను కథకుఁ గీలు వీనిలో నెందును లేదు. దాసరి దారి తప్పకున్నచో రక్కసుఁడు లేఁడు, శపథము లేదు, ఫలదానము లేదు. దారి తప్పుటకుఁ గారణము వేళ తప్పుట. వేళ యెందులకుఁ దప్పె నను ప్రశ్నను విడిచి సత్యమును మాత్రమే కొనియాడుట, పునాది చూడక గోపురమును గొలుచుటవంటిది.

రాయలు దాసరిని మత్తునిగాఁ జేయలేదు, మూఢునిగాఁ జేయలేదు. అతఁడు నిత్యము పోవు బాటయే, నిత్యము లేచు లేవడియే. ఒక్క లేవడిలోని గడియ మాత్రము మాఱినది. దీనిని దైవఘటన మని త్రోసివేయుట సులభము గాని, మనుష్యస్వభావ మని చూచుట మేలు. తెల్లవాఱకమున్నే చేరవలసినవాని నిద్ర పూర్ణమైన నిద్ర కాదు. వాని చెవి కొంత తెఱచియే యుండును. ఏ చిన్న సవ్వడియైనను వేకువగాఁ దోఁచును. లాక్షణికులు నిద్రను, విబోధమును, శంకను, చింతను, ఆవేగమును వేఱువేఱు భావములుగా లెక్కించిరి. దాసరి లేచిన యా యొక్క నిమేషమున నవి యన్నియు నొకదానిపై నొకటి పడినవి. వేళ మించునేమో యను శంక నిద్రను జెఱిచెను. చెడిన నిద్ర కాలజ్ఞానమును జెఱిచెను. కాలజ్ఞానము చెడుటచే నావేగము పుట్టెను. ఆవేగము త్రోవను దప్పించెను. నిత్యపథికుని క్లేశము బాటలోఁ బుట్టునది కాదు, పడకయందే పుట్టు నని రాయ లొక్క సన్నివేశముతోఁ దెలిపెను.

తరువాతి వటవృక్షవర్ణనము దీనికి బలము. ఆ పద్యము సమాసదైర్ఘ్యమునకుఁ బేరొందినది; విద్యార్థుల నోట నది పదవిభాగమునకే పనికివచ్చుచున్నది. దానిలోని భావము మిక్కిలి విచిత్రము. మఱ్ఱియాకులను పురుగులు తిన్న గాట్లు లిపివలె నున్నవి. గాలి యా యాకులను దూరదూరములకుఁ బంపుచున్నది. ఆ వ్రాఁతను జూచి బాటసారులు అటువైపు సంచరించుట మానిరి. మఱ్ఱి యనఁగాఁ బథికుల కాశ్రయము. ఇచట నా మఱ్ఱియే పథికులకు రావల దని లేఖలు పంపుచున్నది. మఱి దాసరి యేల వచ్చెను? చీఁకటిలో లిపి కానరాదు. తొందరపడువాఁడు నేలఁ బడిన యాకును జూడఁడు. పద్యమును గథనుండి వేఱుచేసి చదివినచో నది యుత్ప్రేక్షాచమత్కారము. కథలో నుంచి చదివినచో, హెచ్చరిక చేతికందియు చదువుట కవకాశము లేని మనోదశకు ప్రతిరూపము. నిద్రలేమి, చిఱాకు, పరాకు అను చీటీలు నేఁటి నిత్యపథికుని కాలి క్రిందను బడుచునే యున్నవి. వానిని వంగి తీసి చదువువాఁ డరుదు.

ఆ రాత్రి దాసరి నడచిన నడక మూఁడు తునుకలు. ఇంటినుండి మఱ్ఱివఱకు మొదటిది. మఱ్ఱినుండి కోవెలవఱకు రెండవది. కోవెలనుండి మరల మఱ్ఱివఱకు మూఁడవది. మొదటిదానిలో ప్రాణభయ మేమియు లేదు. అయినను త్రోవ తప్పినది. మూఁడవది సాక్షాత్తు మృత్యువు నొద్దకు నడక. దానిలోఁ దొట్రుపాటు లేదు. నడచువాఁ డొకఁడే, నేల యొకటియే, దేహమా మఱింత యలసినది. భేద మంతయు మనస్సునందే. మొదటి నడకలో వేళ యనిశ్చితము, సేవ శేషించి యున్నది. మూఁడవ నడకలో సేవ ముగిసినది, చేరవలసిన చోటు నిశ్చితము. దూరమునకంటె ననిశ్చయము మనస్సును హెచ్చుగా వేఁచు నని యీ మూఁడు నడకలను బోల్చి చూచినచో స్పష్ట మగును.

దీని కెదురుగా నిలువఁదగినది మనుచరిత్రమునందలి ప్రవరుని ప్రయాణము. అల్లసాని పెద్దన దూరమును బాదలేపముతోఁ దుడిచివేసెను. అరుణాస్పదపురమునుండి హిమగిరికిఁ బోవుట ప్రవరునకు శ్రమయే కాలేదు. భరతుఁడు చెప్పిన యనుభావములలో నొక్కటియు వానియందుఁ గానరాదు. అయినను తెలుఁగు కావ్యములలో నింటికిఁ బోలేకపోయినవాని యార్తి యింత తీవ్రముగాఁ దోఁచు ఘట్టములు కొలఁది. మంచునీట లేపము కరఁగిపోయిన దని తెలిసిన తోడనే యాతనిని బీడించినది దూరము కాదు. నిత్యకర్మలకు వేళ మించుననియు, ఇంటివా రెదురుచూతురనియుఁ గల తలంపు. పోవుట తన వశము, వచ్చుట పరుల వశము అయినప్పుడు పుట్టు దైన్య మది. వేగమైన వాహన మొక్కటియే మార్గక్లేశమునకు మందు కాదని పెద్దన యెఱుఁగును. ఆ వాహన మెప్పు డాగునో తెలియకున్నచో వేగమే యాపదకు మూల మగును. దారి నడుమ నిలిచిపోయిన రైలులోని వాని మనస్సు, నడచిపోవువాని మనస్సుకంటె హెచ్చుగాఁ గలఁగుట కిదియే హేతువు.

వచనవాఙ్మయమునుండి మూఁడవ సాక్ష్యము ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా నుండిన యీతఁడు 1830 మే 18వ తేదీన బయలుదేఱి 1831 సెప్టెంబరు 3వ తేదీన మరలివచ్చెను. పదునైదు నెలల పైచిలుకు ప్రయాణము. ఆ గ్రంథము 1838లో నచ్చుపడెను. అందలి మార్గము దాసరి మార్గముకంటెను, నేఁటి యుద్యోగి మార్గముకంటెను ననేకరెట్లు దీర్ఘము. అయినను దానిఁ జదువువానికిఁ గలుగు ముఖ్యభావము స్థిమితము. కారణము గ్రంథరచనావిధానముననే కలదు. ఆయన మజిలీ మజిలీకిని దూరము, బస, నీటివసతి, అంగళ్లు, దారి తీరు వ్రాసికొనెను. దీర్ఘమార్గము చిన్నచిన్న యెఱుకలుగా విభక్త మయ్యెను. ఆ వివరములను నీరసము లని విమర్శించువారు వాని ప్రయోజనమును గుర్తింపరు. రేపు నీరు దొరకునా, నీడ దొరకునా యను శంక తీఱినవానికే దారిలోని దేవాలయమును, జనుల నడవడియుఁ గంటి కగపడును.

ఇట్లు మువ్వురు పథికుల వలనఁ దేలిన విషయమును నేఁటి మనశ్శాస్త్రము చాలవఱకు సమర్థించుచున్నది. గ్యారీ ఎవన్స్, రిచర్డ్ వెనర్ మొదలగువారు 2002లోఁ బ్రకటించిన పరిశోధనలో, ఉదయపుఁ బ్రయాణ మెంత యనిశ్చితముగాఁ దోఁచిన నంత హెచ్చుగా మనఃపీడ కలుగునని తెలిపిరి. కాలిఫోర్నియాలో రెడ్మండ్, మొఖ్తారియాన్ అను వారు 2001లోఁ బ్రకటించిన దానిలో, ఇంటికిని పనికిని నడుమ నేమియు దూర ముండరాదని జనులు కోరలేదు. వారు కోరిన సగటుదూరము 16 నిమిషములు. ఇల్లును విడిచి పనిలోఁ బ్రవేశించుటకు మనస్సునకుఁ గొంత యెడము కావలె నన్నమాట. 2014లో నింగ్లండున వెలువడిన మఱియొక పరిశీలనలో, కారు నడపువారికంటె నడచియో సైకిలుపైనో రైలు బస్సులలోనో పోవువారికి మనస్స్వాస్థ్యము మెఱుఁగుగా నున్నట్లు తేలెను. కాలి నడకను బోయిన దాసరికి నా శాస్త్రము కొంత యనుకూలమే.

కాని యిచట నొక పూర్వపక్షము గలదు. అనిశ్చయమే దోషమైనచో, మనస్సు దిట్టపఱచుకొన్నవానికి దూర మెంతయైన నేమి? దాసరివలె నోర్చుకొనుఁ డని నిత్యపథికులకు బోధింపరాదా? కొందఱు పండితు లీ కథ నిట్లే వినియోగింతురు. ఇది రెండు విధముల దోషము.

మొదటిది, దూరమునకును దనదైన బాధ కలదు. ఎవన్స్, వెనర్ 2006లోఁ బ్రకటించిన పరిశోధనలో, న్యూజెర్సీనుండి మన్‌హట్టనునకు రైలులోఁ బోవువారి లాలాజలమును బరీక్షించి, ప్రయాణకాలము పెరిఁగిన కొలఁది మనఃపీడను దెలుపు కార్టిసాల్ అను ద్రవ్యము హెచ్చుట చూచిరి. అచ్చుతప్పులు దిద్దు పనిలోఁ బట్టుదలయు నట్టివారికిఁ దగ్గినది. జర్మనీదేశపు గణనలను బరిశీలించి స్టుట్జర్, ఫ్రై అను అర్థశాస్త్రవేత్తలు 2008లోఁ బ్రకటించిన వ్యాసమున, దీర్ఘముగా రాకపోకలు చేయువారు, జీతముచేతఁగాని యింటివసతిచేతఁగాని యా నష్టము పూడక, జీవితమున నల్పతృప్తులుగా నుండుట కనుఁగొనిరి. బాటపై పోయిన గంట నిద్రనుండియో, బిడ్డలనుండియో, గ్రంథపఠనమునుండియో తీసినదే గదా. ఓర్పు దానిని మరలఁ దెచ్చి యీయఁజాలదు.

రెండవది, దాసరి నియమము దాసరి స్వీకరించినది. పాట యాతని పరమార్థము. బాట యా పాటకుఁ గట్టిన మూల్యము. నిత్యపథికునకు బాట యితరులు నిర్ణయించినది. బదిలీ, ఇంటియద్దె, పిల్లల చదువు, చేరువలోఁ బని లేమి కలిసి వాని దూరమును గొలిచినవి. స్వీకృతమైన క్లేశమును విధింపఁబడిన క్లేశమునకు దృష్టాంతముగాఁ జెప్పుట తర్కమున హేత్వాభాసము, పాఠశాలలోఁ గాఠిన్యము. ఇంకొక సూక్ష్మ మున్నది. దాసరి దూరములోను స్వేచ్ఛ కానిది కొంత కలదు. అతని సేవ స్వేచ్ఛయే గాని, యతఁడు కోవెల కెడముగా నుండుట స్వేచ్ఛ కాదు. అంత్యజులను ఊరికి వెలిగా నుంచిన సంఘమే యా నడకలోఁ గొంత భాగమును వానిపైఁ బెట్టినది. కావ్యము దాసరిని గొనియాడుట ఆ యెడమును గొనియాడుట కాదు. ఈ వివేకము లేక చదివినచో దాసరి మహత్త్వము సంఘదోషమునకు ముసుఁగగును.

దూరమునెడ దేశాచార మెట్లు ప్రవర్తించినదో తెలిసికొనుటకు ద్వారకాతిరుమలయే మంచి నిదర్శనము. ఈ క్షేత్రమునకుఁ జిన్నతిరుపతి యని ప్రసిద్ధి. పెద్దతిరుపతికి మ్రొక్కుకొని పోలేనివా రా మ్రొక్కును జిన్నతిరుపతిలోఁ జెల్లింపవచ్చును. చిన్నతిరుపతి మ్రొక్కు మాత్రము చిన్నతిరుపతిలోనే చెల్లవలెను. ఈ యాచారములోని దయ గమనింపఁదగినది. దవ్వున నున్నది చేరువకు వచ్చును గాని, చేరువ నున్నదానికై యెవ్వరిని దవ్వునకుఁ బంపరు. క్షేత్రకథయు నిట్టిదే. ద్వారకమహర్షి తపస్సునకుఁ బుట్టలో వెలసిన స్వామికి ఊర్ధ్వభాగము మాత్రమే కానవచ్చును. భక్తుల పాదసేవకై వెనుకఁ బూర్ణవిగ్రహమును రామానుజులవారు ప్రతిష్ఠించి రని యైతిహ్యము. అందని పాదములకై భక్తు లోర్చుకొనవలె నని యెవ్వరును జెప్పలేదు. పాదములనే యందునట్లు చేసిరి. ఈ నేలపై జనులు దూరమును సద్గుణముగా బోధింపక, తగ్గింపఁదగిన కష్టముగా భావించి రనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

కావున మాలదాసరి కథను బోధించు పండితులు రెండు విషయములను వేఱుచేసి చెప్పవలసి యున్నది. ఆడిన మాటకై మృత్యువు కెదురు నడచిన మూఁడవ నడక యాదర్శము. వేళ మించునేమో యని నడిరేయి లేచి చీఁకటిలోఁ బడిన మొదటి నడక యాదర్శము కాదు, హెచ్చరిక. మొదటిదానిని మూఁడవదానితోఁ గలిపి యంతయు భక్తియే యని పొగడుటవలనఁ గావ్యార్థము చెడును. వినువాఁడు తన నిద్రలేమిని వ్రత మని భ్రమించును. రాయలు దాసరి ధైర్యమును వర్ణించినంత శ్రద్ధతోనే యాతని పొరపాటును వర్ణించెను. ఆ పొరపాటునకు సాక్షిగా నొక మఱ్ఱిని నాటి, దాని యాకులపై హెచ్చరికను లిఖింపించెను. ఏలూరు బస్సులోనో తాడేపల్లిగూడెపు రైలులోనో ప్రొద్దు గ్రుంకినవెనుక నిల్లు చేరు విద్యార్థికి, ఉపాధ్యాయునకుఁ గావలసిన వ్యాఖ్య యదియే. బాటను దగ్గింప వీలున్నచోఁ దగ్గించుట, వీలులేనిచో దాని వేళను నిశ్చితము చేయుట దూరమును నిర్ణయించువారి ధర్మములు. ఓర్పును మాత్రమే బోధించుట మఱ్ఱియాకును జదువక త్రొక్కిపోవుట.